కవర్లు తీయని ఇంట్లో నేను

నేను ఒక కంప్యూటర్ని. దుకాణంలో తయారుగా దొరికే రకం అనుకునేరు! నా పెట్టె ఒక ఊరి నుంచి, ప్రాసెసర్ మరో ఊరి నుంచి, గ్రాఫిక్స్ కార్డు ఇంకెక్కడి నుంచో కొరియర్లలో వచ్చి, రామచంద్రపురంలో త్రినాథ్ వాళ్ల భోజనాల బల్ల మీద మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాయి. పెళ్లిచూపుల్లేకుండానే మా చేత కాపురం పెట్టించాడతను.

త్రినాథ్ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. నన్ను నడిపించే సాఫ్ట్‌వేర్‌గా లినక్స్ తప్ప మరొకటి ఎక్కించనని అతని పంతం. అది ఊరికే దొరుకుతుంది, ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. మార్చుకోవచ్చు కదా అని అతను పూటకోసారి మార్చేవాడు. ఆటలాడే యంత్రంగా పుట్టిన నేను ఆడించిన దానికన్నా అతని ప్రయోగాలకు ఆడిన ఆటే ఎక్కువ.

అయితే నన్ను కట్టింది తన సరదాకి కాదు, అక్క సత్యవేణి కోసం. ఆవిడ డ్రైవింగ్ స్కూల్ నడిపేది. ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టడం నేర్పింది. నిరుడు నేర్చుకునే ఒకాయన బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేసరికి కారు కాలవలో దిగింది. ఆయనకి చొక్కా తడిసింది, ఆవిడకి కాలు విరిగింది. కాలు అతుక్కుంది గానీ భయం పోలేదు. స్కూలు బోర్డు దింపించేసింది. ముచ్చటపడి కొనుక్కున్న సొంత కారు షెడ్డులో ఉండిపోయింది. నా తెర మీద ఆట కారైనా నడిపితే అక్క చేతులకు ధైర్యం తిరిగొస్తుందని త్రినాథ్ ఆశ. అందుకే నాతోపాటు ఒక స్టీరింగూ, పెడళ్లూ తెచ్చాడు.

ఇక వాళ్లమ్మ మంగతాయారు గారు. ఆవిడ రాజ్యంలో కొత్త వస్తువుకున్న కవరు తీయడం మహాపరాధం. రిమోట్ కవరులోనే, ఫ్రిజ్ తలుపు కవరులోనే, షెడ్డులో కారు సీట్లూ కవర్లలోనే. ఎండాకాలం సోఫా మీంచి లేస్తే ఒంటి చర్మం కూడా లేచొచ్చేది. నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయలు తెచ్చింది.

"ఇదెక్కడికీ కదలదమ్మా!" అన్నాడు త్రినాథ్.

"కదలకపోతేనేం? కాళ్లున్నాయి కదరా" అని నా నాలుగు కాళ్ల దగ్గరా తలో కాయా పెట్టింది.

బతిమాలితే సత్యవేణి వచ్చి కూర్చుంది. స్టీరింగ్ పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. ఒక మలుపు తిరిగింది, రెండోదీ తిరిగింది. మూడో మలుపులో నాకు ఒళ్లంతా సెగలు పుట్టి ఠక్కున ఆరిపోయాను. మళ్లీ మొదలెట్టారు. మళ్లీ ఆరిపోయాను.

"చూశావా? నా చేతిలో పడితే బొమ్మ కారు కూడా కాలవలోకే" అని ఆవిడ లేచి వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"అందరూ వాడే ఆ విండోసేదో వేయించొచ్చు కదరా. ఊరికే వచ్చింది ఊరికే వచ్చినట్టే ఉంటాది మరి" అంది తల్లి. చూసినవాళ్లంతా అదే మాట. లినక్స్‌ని వెనకేసుకురావడంలో పడి, నా ఒంటి మీద చెయ్యేసి చూడాలని ఆ మాస్టారికి తట్టనే లేదు. లినక్స్‌నే తీసి మళ్లీ ఎక్కించాడు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లనో సలహా అడిగాడు. నేను ఆరిపోతూనే ఉన్నాను. చివరికి, "సరే అక్కా, విండోసే వేస్తాను, ఇంకొక్కసారి కూర్చో" అన్నాడు దిగులుగా. పంతం చంపుకున్న మనిషిని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. జాలేసింది.

కాఫీ గ్లాసుతో వచ్చిన సత్యవేణి యథాలాపంగా నా ఒంటికి చెయ్యి ఆనించి, చురుక్కుమనేసరికి తీసేసుకుంది.

"ఒరేయ్, ఇది కాలిపోతోంది! లినక్సూ కాదు, గినక్సూ కాదు. రేడియేటర్ పంజెయ్యట్లేదు. బానెట్ ఎత్తు."

"దీనికి రేడియేటర్ ఉండదక్కా, కూలర్ ఉంటుంది."

"ఏదో ఒకటి. ఎత్తరా బాబూ!"

నా పక్క తలుపు తీసి, ప్రాసెసర్ నెత్తిన ఉన్న కూలర్ విప్పాడు. దాని అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర అంటుకుని ఉంది. బిగించే ముందు దీన్ని తీసేయాలని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో దాని మీదే రాసుంది. ఇన్నాళ్లూ నా వేడి బయటికి పోనివ్వకుండా అడ్డుపడింది అదే.

"చదవలేదా?"

"చదివాను."

"మరి?"

"కొత్తది కదక్కా… కవరు తీసేస్తే పాడైపోద్దేమోనని…" అంటూనే త్రినాథ్ ఆగిపోయి, తల్లి వైపు చూశాడు.

సత్యవేణి గోటితో ఆ పొర లాగేసింది. "పారెయ్యకండర్రా, దేనికైనా పనికొస్తాది" అంటూ మంగతాయారు గారు చెయ్యి చాపింది. అంతే, సత్యవేణి నవ్వు మొదలెట్టింది. బల్ల పట్టుకుని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. కాలవలో పడ్డాక ఆ ఇంట్లో ఆవిడ నవ్వడం అదే మొదలట.

ఆ పూట మూడో మలుపు దాటింది. నేను చల్లగా ఉన్నాను. మర్నాడు కొండదారులు ఎక్కించింది, వానలో నడిపింది. చేతుల వణుకు ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలియదు. లినక్స్ లినక్స్‌గానే ఉంది. త్రినాథ్ మాత్రం అంతా తనకు ముందే తెలిసినట్టు కాలరెగరేశాడు.

ఒక పొద్దున ఆవిడ రాలేదు. ఎదురుచూస్తూ కూర్చున్నాను. షెడ్డు వైపు నుంచి చర్రుమని ఏదో చింపిన చప్పుడు. వెంటనే మంగతాయారు గారి కేక: "ఓసి నీ దుంపతెగ! కొత్త సీట్లే!" ఆ తర్వాత ఇంజను మోత. కారు గేటు దాటి, వీధి మలుపు తిరిగి, వినపడనంత దూరం పోయింది.

స్కూలు బోర్డు మళ్లీ పైకెక్కింది. సత్యవేణికి ఇప్పుడు నాతో ఆడే తీరికే లేదు. చింపిన సీటు కవరు పారేయడానికి మంగతాయారు గారికి మనసొప్పలేదు, శుభ్రంగా తుడిచి నా మీద కప్పింది. లోపల చెడ్డ ఉక్క. అయినా వీధిలో ఆవిడ హారన్ వినిపించిందంటే, నాతో ఆడడానికి ఇవాళ కూడా రాదని సంతోషంగా ఉంటుంది.