నిలబడే మనిషి

కుర్చీకి తెల్లగుడ్డ తొడిగి, వెనక ముడేసి, సోమ్లా ఇంకో కుర్చీ మీదికి వంగాడు. ముందు వరసకే గుడ్డలు. వెనకవి ఒట్టి ఇనప కుర్చీలే. వంగినప్పుడల్లా ఛాతీలో పిల్లికూతలు లేస్తున్నాయి. బరువులెత్తొద్దని దవాఖానాలో ఎప్పుడో చెప్పారు. బరువులెత్తకపోతే షామియానా పనిలో ఇంకేం మిగులుతుంది? ఈ ఒక్క సభ అయ్యాక మానేస్తానని ఇంట్లో మాటిచ్చాడు.

ఖమ్మం కాలేజీ మైదానంలో ఏటా జరిగే సభ అది. సినిమాల్లోనూ, ఇప్పుడు టీవీ సీరియళ్ళలోనూ బాగా నటించినవాళ్ళకు ఊళ్ళోని కళాపరిషత్తు బహుమతులిస్తుంది. గుంజలు పాతి వేదిక కట్టేది బసవపున్నయ్య టెంట్‌హౌసు. సోమ్లా అందులో కూలీ.

మొదటేడు అతను కుర్చీ మోసుకుంటూ వేదిక దాటుతుంటే పరిషత్తు కార్యదర్శి వెంకటరామారావు కేకేశాడు. "ఏయ్, నువ్వేనయ్యా! కాస్త అక్కడే నిలబడు." లైట్లవాడికీ ఫొటోవాడికీ ఒక మనిషి కావాలి. అసలు నటుడు సాయంత్రానికి గానీ రాడు. అందుకని ఆయన చోట సోమ్లాను నిలబెట్టి, శాలువా కప్పి, బహుమతి బొమ్మ చేతిలో పెట్టి, తంతంతా ఒకసారి నడిపి చూసుకున్నారు. అప్పట్నుంచి ఏటా సోమ్లాయే. రాజు వేషం వేసినవాడి చోట నిలబడ్డాడు, దొంగ వేషం వేసినవాడి చోట నిలబడ్డాడు. హీరోయిన్ల చోటా అతనే.

ఆ మొదటేడే ఇల్లందు అవతలి తండాకు తిరిగిపోయి పెళ్ళాం లాలితో చెప్పాడు, "నాకు శాలువ కప్పిండ్రే" అని. అందులో అబద్ధమేం లేదు. తీసేసిన సంగతి చెప్పలేదు, అంతే. ఆ చెప్పని మాట ఏడాదికేడాది ఎదిగి తాటిచెట్టంత అయి కూర్చుంది. ఇక మానేస్తానని అతను అనేసరికి లాలి పట్టుబట్టింది. "గిన్నేండ్ల సంది చెప్తున్నవ్. ఒక్కపాలి కండ్లార సూస్త."

సోమ్లా సరేనని తలూపాడు.

మధ్యాహ్నం బస్సుకు ఆమె రానే వచ్చింది. అద్దాల లంగా ఎండలో తళుకుమంటుంటే మైదానం దాటి వస్తున్న మనిషిని, తాళ్ళు బిగిస్తున్న జైరాం ముందుగా చూశాడు. అతనిదీ అదే తండా, లాలి అతనికి వరసకు పిన్ని.

"కాకీ, హీరోను సూడ వచ్చినవా? టికెట్టున్నదా?"

"నీ మొకానికి టికెట్టు! ఆలికి గూడ టికెట్టేందిరా?" అంటూ వెళ్ళి తెల్లగుడ్డ కుర్చీలో కూర్చుంది.

బసవపున్నయ్య గబగబా వచ్చాడు. "అమ్మాయ్, అది మంత్రిగారి కుర్చీ."

"ఆయన రానియ్యి, లేస్త. గప్పటిదాంక కుర్చీకేం నొప్పి?"

బసవపున్నయ్య నవ్వాపుకుని వెళ్ళిపోయాడు.

సోమ్లా మాత్రం నవ్వలేదు. మైకు దగ్గరున్న వెంకటరామారావు దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సారూ, ఒక్క మాట. ఇయ్యాల శాలువ జల్దీ తియ్యకున్రి. నేను మెట్లు దిగేదాంక ఉండనియ్యున్రి. మా ఆడమనిషి వచ్చింది."

"ఏంటి? ఆఁ, సరే సరే. ముందు ఆ వైరు సంగతి చూడవయ్యా," అన్నాడాయన మైకువాడితో.

"ఉత్తమ నటుడు!" మైకు గణగణలాడింది.

సోమ్లా చెప్పులు విడిచి మెట్లెక్కాడు. వెలుతురు మొహాన పడింది. భుజాల మీద కొత్త శాలువా బరువుగా, మెత్తగా దిగింది. బొమ్మను గుండెకానించుకుని కొంచెం వంగి దణ్ణం పెట్టాడు. కింద లాలి గడ్డం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. ఆ కాసేపూ తాను ఇన్నేళ్ళు చెప్పినదంతా చెప్పినట్టే ఉంది.

"చాలు చాలు, మడత పాడవుతుంది," అంటూ వెంకటరామారావు శాలువా లాగేసి కవరులో కుక్కాడు. బొమ్మ ఎవరో అందుకున్నారు. "తరవాత ఉత్తమ నటి! సోమ్లా, కదలకు, అక్కడే ఉండు."

సోమ్లా కదల్లేదు. లాలి వైపు చూడనూ లేదు.

అంతా అయ్యాక దిగొచ్చి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు.

"మడతబెట్టుడు గూడ రాదు గాయనకు," అంది లాలి.

సోమ్లా తలెత్తాడు.

"శాలువ ఇంటికి రాకుంటె నాకు ఎరుక గాదా? నిజంగ ఇచ్చింది అయితె ఒక్క ఏడన్న మన మంచం మీద పడేది గద."

"మరి అడగకపోతివి?"

"అడిగితె చెప్పుడు బంద్ జేస్తవ్. చెప్పేటప్పుడు నీ మొకం మంచిగుంటది."

సోమ్లా నేల మీది గడ్డిపోచ తుంచి, మళ్ళీ ఇంకోటి తుంచాడు. "మరెందుకొచ్చినవ్?"

"నువ్వు నిలబడేది సూద్దామని. మంచిగ నిలబడ్డవ్."

సాయంత్రం మైదానం నిండింది. ఇద్దరూ చిట్టచివరి వరసలో ఇనప కుర్చీల్లో కూర్చున్నారు. లాలి జొన్నరొట్టెల మూట పక్క కుర్చీలో పెట్టింది. "తింటవా?" అంటే, "సభ కానియ్యి," అన్నాడు.

టీవీ సీరియల్లో తండ్రి వేషం వేసే నటుడు వేదికెక్కాడు. లైటు ఒకచోట పడితే ఆయన ఒకచోట నిలబడ్డాడు. ఫొటోవాడు చేతులూపితే కంగారుగా జరిగి మైకుకు మోచెయ్యి తగిలించాడు. అది కీచుమంది.

"గీయనకు నిలబడుడే రాదు," అని లాలి చెవిలో చెప్పింది.

సోమ్లాకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు మెల్లగా సద్దుమణిగాక ఆమె భుజం మీద తల వాల్చాడు. నలుగురిలో అతనెప్పుడూ అట్లా చేసిన మనిషి కాదు. లాలి సిగ్గుపడింది గానీ తప్పుకోలేదు. ముందంతా చప్పట్లు మోగాయి.

మంత్రిగారి ఉపన్యాసం సాగుతుండగా ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. మధ్యాహ్నం నుంచి వినిపిస్తున్న పిల్లికూతలు లేవు. అతని ఛాతీ మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు.

మనిషి పోతే వాళ్ళ ఆడవాళ్ళు పాటకట్టి ఏడుస్తారు, తండా అంతా వినబడేట్టు. ఆ పాట లాలి గొంతులోకి వచ్చి నిలిచింది. ఇది అతను కట్టిన వేదిక, అతను పరిచిన కుర్చీలు. చివరి సభ చెడగొట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. పళ్ళు బిగబట్టింది.

చివర జాతీయగీతానికి అందరూ లేచి నిలబడ్డారు. లాలి ఒక్కతే లేవలేదు. లేస్తే అతను పడిపోతాడు.

జనం కదిలాక జైరాం వచ్చాడు. "లేవు కాకీ, కుర్చీలు ఎత్తాలె. కాక నిద్రపోయిండా ఏంది?"

అప్పుడు పాట బయటికొచ్చింది. గేటు దాకా వెళ్ళినవాళ్ళు కూడా ఆగిపోయి వెనక్కి తిరిగి చూశారు.

నలుగురూ పట్టి అతణ్ణి టెంట్‌హౌసు లారీలోకి చేర్చారు. లాలి వెంట ఎక్కింది. చివరి వరసలో, సభ అయ్యాక తిందామనుకున్న రొట్టెల మూట, వేసిన ముడి వేసినట్టే ఇనప కుర్చీ మీద ఉంది.