మాడికి పోయిన ‘కి’

“అయ్యసామన్న మాడి పోయినాడు.”

మిషన్ల హోరులో వీరమ్మాళ్ వేసిన కేక రత్తయ్య చెవిలో ఈ రూపంలో పడింది. మేస్త్రీ అయ్యసామి ఎక్కడని అతను అడిగాడు, కింద రాలిన దూది ఊడుస్తున్న ఆమె జవాబు చెప్పింది. అంతే.

తెనాలిలో ఉన్న పని వదులుకుని కోయంబత్తూరు మిల్లుకు కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు రత్తయ్య. ఇక్కడి పనివాళ్ళదీ తెలుగే అని తెలిసి మురిసిపోయాడు. వాళ్ళు మాత్రం అతని పేరు విన్న రోజే ముఖాలు చిట్లించారు. అరవంలో రత్తం అంటే నెత్తురు మరి.

దూది మధ్య ఒక మనిషి మాడాడంటే తర్వాత మాడేది మిల్లే. రత్తయ్య పరిగెత్తి గంట తాడు లాగాడు. ఆ గంట ఆగి ఆగి మోగితే షిఫ్టు దిగమని, ఆగకుండా మోగితే నిప్పంటుకుందని లెక్క. గంటలో నిప్పూ లేదు, షిఫ్టూ లేదు. ఉన్నదల్లా ఒక మోతకీ ఇంకో మోతకీ తేడా. ఆ తేడా విని మిషన్లు ఆపి జనం గేటు దాకా పరిగెత్తారు. ఇద్దరు మాత్రం ఎర్ర బకెట్లు అందుకుని, మంట కనపడకపోయినా ఊరికే ఉంటే బాగుండదని, ఏకిన దూది మీద నీళ్ళు కుమ్మరించారు.

అప్పుడు అయ్యసామి మెట్లు దిగి వచ్చాడు. “ఏమి గలాటా?” అన్నాడు.

రత్తయ్యకు ప్రాణం లేచొచ్చింది. తడిసిన దూదిని పిండి చూస్తున్న మేనేజరు సుబ్రమణియాన్ని చూడగానే మళ్ళీ పోయింది.

సుబ్రమణియం ఇంట్లోనూ తెలుగే, తాతముత్తాతల కాలంలో ఈ పక్కకు నడిచొచ్చిన తెలుగు. “నిప్పని ఎవురు చెప్పినారు?”

“వీరమ్మాళ్ అండి. అయ్యసామి మాడిపోయాడంది.”

“సత్తియంగా నేను నిప్పు పేరే ఎత్తలేదయ్యా. ఈ అయ్య చెవుల్లో దూది ఉండాది.”

“చెవులారా విన్నానమ్మా.”

సుబ్రమణియం చేతులు తుడుచుకున్నాడు. “ఇద్దర్లో ఎవురో పొయ్ చెప్తా ఉండారు. ఆ పొయ్ ఎవురిదో తేలితే వాళ్ళు రేపటినించి పనికి రావద్దు.”

రత్తయ్యకు కాస్త ధైర్యం వచ్చింది. “చూశారా, పొయ్యి ఉందన్నమాట. నిప్పు అక్కడిదే.”

“ఏ పొయ్యి?”

“మీరే అన్నారుగా, ఎవరిదో పొయ్యని.”

“పొయ్ అంటే అబద్ధమయ్యా. మీ ఊర్లో ఏమి?”

“వంట చేసుకునేదండి.”

అయ్యసామి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. రత్తయ్య నవ్వలేదు. అబద్ధం మీద అన్నం వండుకునే ఊరు తనదైతే, మిగతా మాటల సంగతేమిటి? వీరమ్మాళ్ వైపు తిరిగాడు. “అమ్మా, మీకు మాడి అంటే ఏమిటి?”

ఆమె వేలు మెట్ల మీదుగా పైకి వెళ్ళింది. “అదో, అదే మాడి. అన్న మాడికి పోయినాడని చెప్తిని.”

“మేడా? మరి ఆ ‘కి’ ఏదమ్మా?”

“మిషను తినేసింటాది.”

సుబ్రమణియం ఒక మిషను వేయించి, ఆమె చేత మళ్ళీ చెప్పించాడు. ‘మాడి’ వినపడింది, ‘పోయినాడు’ వినపడింది. నడుమ ‘కి’ దూదిపింజలా ఎగిరిపోయింది. ఆ కీ లేకపోయేసరికి తాళం రాలేదు, తలకాయనొప్పి వచ్చింది.

“మరి మీ ఇంట్లో అన్నం అడుగంటితే ఏమంటారు?” అన్నాడు రత్తయ్య.

“కరిగిపోయె అంటాము.”

“కరగడానికి అదేమన్నా వెన్నా?”

“మీది మాడతాది, మాది కరుగుతాది,” అన్నాడు అయ్యసామి. “తినేటప్పుడు రెండూ చేదే.”

సుబ్రమణియం పెదవుల మీదికి నవ్వు వచ్చి ఆగింది. “పొయ్ ఎవురూ చెప్పలే. ఇద్దరూ రేపు రండి. కానీ రత్తయ్యా, గేటుకాడ ఉండేవాళ్ళకి నువ్వే చెప్పాల.”

గేటు దగ్గర జనం ఎవరు పోయారోనని గుసగుసలాడుతున్నారు. రత్తయ్య ఒక దూది బేలు ఎక్కి నిలబడ్డాడు.

“ఎవరూ మాడలేదు. అయ్యసామి మాడికి వెళ్ళాడు, నేను మాడిపోయాడని విన్నాను. మాట అనే దారం ఒకటే, మీ ఊరు దానికి మెట్లు ముడేసుకుంది, మా ఊరు మంట ముడేసుకుంది. ఆ ముడి మనుషులు వేసిందే, మాటతో పుట్టింది కాదు. నా పేరులో నెత్తురు ఎంతుందో వీరమ్మాళ్ మాటలో నిప్పూ అంతే ఉంది.”