సరిహద్దును కొలిచిన గడ

ఏమయ్యా చదువుకున్నాయనా, ఇటు తిరుగు. రాష్ట్రానికి ఉత్తరాన ఏ నది, తూర్పున ఏ కొండ అని బళ్లో గడగడా అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకున్నావు కదా. పటంలో నీలిగీత పక్కన చుక్కలు చుక్కలుగా ఒక సరిహద్దు ఉంటుంది. దాన్ని ఎవరు గీశారో చెప్పు చూద్దాం. గవర్నరా? లండన్ దొరా? తల గోక్కోకు, ఉన్న నాలుగు వెంట్రుకలూ రాలిపోతాయి. నేను గీశాను.

నేను ఒక వెదురు గడను. అక్షరం ముక్క రాదు. కమ్మీ ఎర్రగా కాల్చి మూర మూరకూ నా ఒంటిమీద పెట్టిన వాతలే నా చదువు. ఇప్పుడు మ్యూజియంలో నా మెడకు ‘చేపలు పట్టే కర్ర’ అని చీటీ కట్టారు. పెద్ద చదువులు చదివినవాళ్లే కట్టారులే, మనం ఏమీ అనకూడదు.

నన్ను అడవిలోంచి కొట్టుకొచ్చి, మంట మీద కాచి వంకరలు తీసింది గట్టయ్య. గోదావరి మీద పడవ నడిపేవాడు. నవ్వకుండా అబద్ధం చెప్పడంలో అతణ్ణి మించినవాడు రెండు గట్ల మీదా లేడు. అప్పట్లో ఇవతలి గట్టు నవాబుగారి రాజ్యం, అవతలి గట్టు తెల్లదొరల రాష్ట్రం. నదిలో ఏ పాయ లోతైతే అదే సరిహద్దు అని రెండు సర్కార్లూ ఒప్పందం రాసుకున్నాయి. గోదావరికి మాత్రం ఎవరూ చదివి వినిపించలేదు. అది ప్రతి వానాకాలం తనకు తోచిన చోట పడుకునేది. అందుకని నీళ్లు తగ్గాక ఏటా రెండు వైపుల అధికార్లూ గట్టయ్య పడవెక్కి, నన్ను ముంచి లోతు చూసేవాళ్లు.

మా దగ్గర గోదావరి రెండు పాయలుగా చీలేది. ఆ రెండు పాయల మధ్యన నడిమిదిబ్బ. కాసిని గుడిసెలు, పుచ్చపాదులు, బర్రెలు. అవతలి పాయ లోతైతే దిబ్బ నవాబుది, ఇవతలి పాయ లోతైతే దొరలది. మనుషులు పడుకుని లేచేసరికి రాజు మారిపోయేవాడు. వంకాయ కూర మాత్రం మారేది కాదు.

అప్పటికి కొన్నేళ్లుగా మాత్రం అవతలి పాయే లోతు. దిబ్బ నవాబుదే. అంటే వెట్టి. గట్టయ్య తమ్ముడు ఓదెలు జ్వరంతో పడుకుని ఉంటే లేపుకుపోయి ఒక జాగీర్దారు మేనా మోయించారు. కొండ దిగేటప్పుడు కాలు జారి భుజం విరిగింది. మేనా కింద పడినందుకు విరిగిన భుజం మీదే కొట్టి పంపారు. మళ్లీ పిలుపొస్తే తమ్ముడు బతకడని గట్టయ్యకు తెలుసు.

“దొరల దిక్కు పోదామా అన్నా?” అన్నాడు ఓదెలు.

“ఆడ బర్రె మేస్తె పన్ను, కట్టె విరిస్తె జుర్మానా. రెండు పాయలూ సమానం చేసి ఎవలదీ కాకుంట చేస్త చూడు” అన్నాడు గట్టయ్య.

కొలతకు ముందు దిబ్బ జనమంతా ఇవతలి పాయలో దిగారు. గంపలతో ఇసుక తోడి పాయ నడుమ పెద్ద గుంత తవ్వారు. ఓదెలు ఒంటిచేత్తో తవ్వుతూనే, “ఇంక తవ్వితె పాతాళం ఎవల ఇలాకనో అడగాలె అన్నా” అన్నాడు. ముక్కులోకి నీళ్లు పోయేలా నవ్వారందరూ.

కొలత రోజున నవాబు తరఫున భూములు తనిఖీ చేసే గిర్దావరు మాణిక్‌రావు, దొరల తరఫున కొలతలు రాసే అమీను పాండురంగం పడవెక్కారు. అవతలి పాయలో ఏడో వాత దాకా మునిగాను. ఇవతలికొచ్చాం. చుట్టూ బర్రెలు పొట్టలోతు నీళ్లలో నిలబడి నెమరేస్తున్నాయి. గట్టయ్య వాటి మధ్యనుంచి పడవను తెచ్చి సరిగ్గా గుంత మీద ఆపాడు. అక్కడా ఏడో వాత దాకా మునిగాను.

“సమానం దొరా” అన్నాడు గట్టయ్య, మొహంలో నరం కదలకుండా.

గిర్దావరు తమలపాకు నములుతూ బర్రెల వంక చూశాడు. “ఇంకోపారి ముంచు.”

ముంచాడు. ఏడే.

“రాసుకో పాండురంగం. దిబ్బ ఎవలదీ కాదు.”

ఆ సాయంత్రం దిబ్బ మీద చేపల పులుసు కాగింది. నాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. రెండు సర్కార్లను ఒక్క గుంతలో పాతిపెట్టామని గట్టయ్య చిందేశాడు. ఆ ఏడు వెట్టికి పిలుపు రాలేదు. పన్నుకూ ఎవరూ రాలేదు. ఓదెలు భుజం నెమ్మదిగా అతుక్కుంటోంది.

శ్రావణంలో వరదొచ్చింది.

ఆ పొద్దున గట్టయ్య బేరానికని ఇవతలి గట్టుకు వచ్చి ఉన్నాడు. చూస్తుండగానే దిబ్బ అంచులు కరిగిపోయాయి. గట్టున సర్కారు పెద్ద పడవ కట్టేసి ఉంది. దాన్ని పంపమని గట్టయ్య పరుగెత్తి, వరద చూడవచ్చిన గిర్దావరు కాళ్ల మీద పడ్డాడు.

“మాదైతె పంపుదును రా. ఎవలదీ కాని జాగకు పడవ పంపితె రేపు పొరుగు సర్కారు ఊకుంటదా?”

“మీదే దొరా. నేనే గుంత తవ్వించి మోసం జేసిన. నన్ను జైల్ల పెట్టుండ్రి, పడవ మాత్రం పంపుండ్రి.”

“అబద్ధమాడినవా? తప్పు గదరా” అన్నాడు గిర్దావరు, గొడుగు అటునుంచి ఇటు మార్చుకుంటూ. “నీళ్లు దిగనీ. మల్ల కొలుద్దాం.”

గట్టయ్య తన చిన్న పడవనే తోశాడు. నా ఒళ్లు విల్లులా వంగింది. దిబ్బ మీద ఒక్క గుడిసె కప్పే తేలుతోంది. ఓదెలు దాన్ని మోకాళ్లతో కరుచుకుని, బాగున్న చేత్తో, కప్పు మీద మిగిలిన పిల్లలను ఒక్కొక్కరినే అందించాడు. పడవ అంచుదాకా దిగింది.

“ఎక్కు తమ్మీ.”

“నేనెక్కితె పోరగాండ్లు మునుగుతరు. జల్ది పోయి రా. గంతల నేను ఏ సర్కారు మనిషినో ఆలోచించి పెడత.”

పిల్లలను దింపి తిరిగొచ్చేసరికి కప్పు లేదు. గుడిసె ఉన్న చోటనే గట్టయ్య నన్ను ముంచాడు. ఏడో వాత మునిగింది. ఆఖరి వాత మునిగింది. అతని మణికట్టు మునిగింది. నేల తగల్లేదు.

నీళ్లు దిగాక అధికార్లిద్దరూ మాట ప్రకారం కొలతకు వచ్చారు. కొలవడానికి దిబ్బ లేదు. రెండు పాయలూ కలిసి ఒక్కటిగా పారుతున్నాయి. గట్టయ్య నన్ను పడవలో పడేసి కూలబడ్డాడు.

“నా మోసం నమ్మిన్రు గనుకనే మీరు పడవ పంపలే దొరా. మిమ్ముల అనేదేముంది, నా తమ్ముణ్ణి నేనే చంపుకున్న.”

గిర్దావరుకు జాలేసింది. నిజంగానే వేసింది, నేను పక్కనే ఉన్నాను. అతని వీపు నిమిరాడు.

“ఏడ్వకురా గట్టయ్యా. నువ్వు మమ్ముల ఏం మోసం జేయలే. నీ గడ ఏడు మూరలు మునుగుతుంటె పక్కన బర్రెలు పొట్టలోతుల నిలవడ్డయి. మాకు కండ్లు లేవా? దిబ్బ మాదైతె గత్తరొస్తె మందియ్యాలె, వరదొస్తె పడవ పంపాలె. వద్దని నేను, పాండురంగం ముందుగాలనే అనుకున్నం. ఎట్ల వదిలించుకోవాల్నో తెల్వక సతమతమైతుంటె, మీరే గంపలు పట్టుకొని దిగిన్రు.”

అమీను నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు.

“వెట్టి తప్పించుకుందామని తవ్విన్రు గని, మా రెండు సర్కార్లకు గంత పెద్ద వెట్టి ఇప్పటిదాక ఎవలూ జేయలేదురా.”