రెంచి చేసిన మూడు ఫోన్లు

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అందరూ ఆమెను రెంచి అంటారు. చేతిలో ఎప్పుడూ ఆ పానాయే ఉంటుంది మరి. రెండేళ్లు ఆన్‌లైన్‌లో చైనీస్ నేర్చుకుంది. ఆ సర్టిఫికెట్‌కు తండ్రి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. దాన్ని చూస్తే రెంచికి ఒళ్లు మండుతుంది. మొన్న ఒక భవనంలో కొత్త లిఫ్టు ఆగిపోయి, లోపల ఒక ముసలాయన ఇరుక్కుపోయాడు. ఏ స్విచ్చి తిప్పాలో చైనా ఫ్యాక్టరీ ఇంజనీరు ఫోన్లో గొంతు చించుకుని చెప్పాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నానా తంటాలూ పడి తలుపు తెరిచేసరికి ముప్పావు గంటయింది. చెమటతో తడిసి ముద్దయిన ముసలాయన ఆమె మొహం కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

చైనా వెళ్లి భాష నేర్చుకొస్తానని మర్నాడే ఆమె సెలవు అడిగింది. యజమాని గీచి గీచి ఒక్క ఏడాది ఇచ్చాడు. ఆ ఏడాదిలో మాట రాకపోతే, మళ్లీ అదే లిఫ్టు ముందు నోరెళ్లబెట్టి నిలబడాల్సిందే.

చైనాలో ఏ కాలేజీయో తేల్చడానికి తల్లి, తండ్రి, మేనమామ ఆమెను కన్సల్టెంటు దగ్గరికి తీసుకెళ్లారు. అడగాల్సినవన్నీ మేనమామ కాగితం మీద రాసుకొచ్చాడు.

"అక్కడ మనవాళ్లుంటారా?"

"ఉంటారా ఏంటండీ! హాస్టల్ నిండా మనవాళ్లే. వంటమనిషి మనవాడే. పాఠాలు ఇంగ్లీషులో. అమ్మాయికి అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది."

"ఇంట్లో ఉన్నట్టు ఉండటానికి అంత దూరం పోవడమెందుకండీ?" అంది రెంచి.

"నువ్వు కాసేపు నోర్మూసుకోవే," అంది తల్లి.

కన్సల్టెంటు సాక్ష్యానికి పాత విద్యార్థి ఒకణ్ని పిలిపించాడు. నాలుగేళ్లు అక్కడ చదివొచ్చాడట. రెంచి ఆశగా ముందుకు వంగి, చైనీస్‌లో ఏదైనా ఒక ముక్క మాట్లాడమంది. అతను కన్సల్టెంటు వంక చూశాడు.

"నాలుగేళ్లలో ఆ అవసరమే రాలేదండీ," అన్నాడు గర్వంగా.

"చూశావా, ఎంత సుఖమో!" అని మేనమామ మురిసిపోయి కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు.

రెంచి ఇక ఆగలేదు. కన్సల్టెంటు ముందున్న కాలేజీల జాబితాలోంచి మూడు హాస్టళ్ల నంబర్లు తీసి, స్పీకర్ పెట్టి, గది ఖాళీ ఉందా అని చైనీస్‌లో అడగడం మొదలుపెట్టింది. మొదటి చోట ఆమె మాట పూర్తికాకముందే ఇంగ్లీషులోకి దిగారు. రెండో చోట ఎవరో మన భాషలోనే "చెప్పండి మేడమ్" అన్నారు. తల్లి కళ్లు చెమర్చాయి. మూడోది ఎవరూ వెళ్లని చిన్న ఊరు, జాబితాలో అట్టడుగున ఉంది. అక్కడ ఫోనెత్తిన పెద్దావిడకు చైనీస్ తప్ప ఇంకోటి రాదు, కసురుకోవడం మాత్రం బాగా వచ్చు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పింది రెంచి. నాలుగోసారికి ఆవిడ గది ఉందని చెప్పి, ఎప్పుడొస్తున్నావని ఎదురు అడిగింది. రెంచి మాటల కోసం తడుముకుంది. అవతల టీవీ మోగుతోంది. ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు, ఆగింది. నెల, తేదీ కూడబలుక్కుని చెప్పేదాకా ఆగి, అవే తిరిగి అప్పజెప్పి, టక్కున పెట్టేసింది.

"ఎంత పొగరు!" అన్నాడు మేనమామ.

"అక్కడ నీకేమన్నా అయితే ఎవరితో చెప్పుకుంటావే?" అంది తల్లి.

"ఆవిడతోనేనమ్మా. అర్థమయ్యేలా చెప్పేదాకా ఆవిడ వదలదు."

అలా అందేగానీ రెంచికీ భయం వేసింది.

"ఆ కాలేజీ దరఖాస్తు కూడా చైనీస్‌లోనే ఉంటుందమ్మా," అన్నాడు కన్సల్టెంటు. "అది నింపేవాళ్లు మా దగ్గర లేరు." అతని తల వెనక గోడ మీద 'చైనా చదువుల నిపుణులు' అన్న బోర్డు మిలమిల మెరుస్తోంది.

"ఇటివ్వండి," అని రెంచి అతని బల్ల మీదే కూర్చుని, ఫోన్లో నిఘంటువు తెరిచి, గడి తర్వాత గడి నింపింది. రెండు గంటలు పట్టింది. భాష ఎంత వచ్చు అన్న గడి దగ్గరికి రాగానే, తండ్రి మెల్లగా అన్నాడు.

"సర్టిఫికెట్ ఉందిగా తల్లీ, బాగా వచ్చని రాయి."

ఆమె ఆ గడిలో 'రాదు' అని రాసింది, చైనీస్‌లో, నిఘంటువు చూడకుండా.