ముందు నాలుగు పళ్ళు

దారం కొరకగానే పన్ను కదిలింది. కత్తెర చేతి పక్కనే ఉంది. ఉన్నా సరే, పదహారేళ్ళుగా నేను దారం పళ్ళతోనే తెంపుతాను, గుండుసూదులు పళ్ళ మధ్యే పట్టుకుంటాను. కత్తెర తీసి పెట్టేలోపు ఇంకో రెండు కుట్లు పడతాయి కదా అన్న కక్కుర్తి. నాలుకతో తోసి చూశాను. పైవరసలో ముందు పన్ను, ఎడమది, వెనక్కీ ముందుకీ ఊగింది. చిన్నప్పుడు పాలపళ్ళని ఎంత సరదాగా ఊపుకునేవాళ్ళం! నలభై రెండేళ్ళకి అదే పని చేస్తే గుండె జారిపోయింది. ఎదురుగా ఎవరిదో ప్యాంటు, అంచు మడత సగంలో ఉంది. పక్కన ఇంకో పది బట్టలు కుప్పగా పడున్నాయి. కత్తెరతో దారం తెంపి మిగతావి పూర్తి చేశాను.

మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు కనుక. పొద్దున్నే కళ్ళు తెరవకముందే నాలుక అక్కడికి పరిగెత్తేది. ఉందా? ఉంది. మళ్ళీ గంటకి, ఉందా? ముద్ద కుడి దవడకి తోసి, సగం నమిలి మింగేసేదాన్ని. మా ఆయనకి వేపుడు కరకరలాడాలి, రొట్టె అంచు గట్టిగా కాలాలి. అందరి భోజనాలూ అయ్యాక చివర్లో కూర్చునేది నేనే కాబట్టి, ఏం నములుతున్నానో ఎలా నములుతున్నానో చూసేవాళ్ళు లేరు. అదే మంచిదైంది అనుకున్నాను కూడా. అంత తెలివి నాది!

నా పళ్ళు మొదటినుంచీ వంకరే. పైవి ముందుకి, కిందవి లోపలికి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పెళ్ళైన కొత్తలో ఫోటో తీయించుకుంటుంటే ఆయన నా చెవిలో, "నోరు మూసుకుని నవ్వు" అన్నారు. ముద్దుగానే అన్నారు. అప్పట్నుంచీ నవ్వొస్తే చాలు, అరచెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం వస్తుంది. నేను కుట్టే టైలరు షాపు యజమాని ఇంకాస్త మర్యాదగా చెప్పాడు. "అక్కా, నీ చేతిపని బంగారం. కౌంటర్లో ఆ కొత్తమ్మాయిని కూర్చోబెడదాం, నువ్వు లోపలుంటే నీకూ ప్రశాంతంగా ఉంటుంది" అని. ఆ కొత్తమ్మాయికి టేపు పట్టుకోవడం నేర్పింది నేను. ఇప్పటికీ భుజం కొలత దగ్గర తేడా వస్తే లోపలికొచ్చి నన్నే అడుగుతుంది. బయటికెళ్ళి నవ్వడం మాత్రం ఆమె పని. నాకు ఒళ్ళు మండేది. మండినా ఏం లాభం, సూదులు నోట్లో ఉన్నప్పుడు మాట్లాడకూడదు కదా.

ఆ మూడు వారాల్లోనే మా అమ్మాయి పళ్ళ సంగతి ఇంట్లో మొదలైంది. దానికి పదమూడు. "నీ నోరే దానికీ వచ్చింది. ఇప్పుడే క్లిప్పులు వేయిస్తే రేపు నీలా చెయ్యి అడ్డం పెట్టుకు తిరగక్కర్లేదు" అన్నారు ఆయన. "ఆడపిల్ల కదూ, పలువరసే చూస్తారు ముందు" అని అత్తయ్య వంత పాడింది. షాపులో సగం రోజు సెలవు అడుక్కుని దాన్ని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ దాని నోరు అయిదు నిమిషాలు చూసింది. "ఒక్క పన్ను కొంచెం తిరిగింది, అంతే. పైవీ కిందవీ చక్కగా కలుస్తున్నాయి. శుభ్రంగా తోముకోమనండి, ఇప్పుడేం తొందర లేదు" అంది. మా అమ్మాయి కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది. నాకు నవ్వొచ్చింది, చెయ్యి లేచింది. డాక్టరమ్మ ఆ చెయ్యి వంక చూసింది.

"మీరెప్పుడైనా చూపించుకున్నారా?"

"నాకెందుకండీ, నాకు అలవాటైపోయింది."

"ఒకసారి కూర్చోండి."

అద్దం పట్టుకుని చూపించింది. నేను నోరు మూసినప్పుడల్లా కింది పళ్ళు పైవాటి వెనకగా వెళ్ళి అంగిలికి గుచ్చుకుంటున్నాయట. అక్కడ చిన్న గుంట కూడా పడింది. పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కడంతో సందుల్లోకి బ్రష్షు పోక చిగురు చెడిందట. చెడిన చిగురు మీద రోజూ అదే దెబ్బ, పైగా దారం కొరుకుడు. "సాయంత్రాలు తలనొప్పి వస్తుందా? చెవి ముందునుంచి?" అని అడిగింది. వస్తుంది. దానికోసం కళ్ళజోడు రెండుసార్లు మార్చాను. "దవడ నలిగినా వస్తుందమ్మా. ఇలాగే వదిలేస్తే రెండు మూడేళ్ళలో ముందు నాలుగూ పోవచ్చు" అంది. నాలుగు! నేనింకా ఒక్కదానికే ఏడుస్తున్నాను.

"క్లిప్పులంటే అందానికనుకుంటారు. అందమూ వస్తుంది, వద్దన్నా వస్తుంది. అసలు పని మాత్రం నమిలే బరువు అన్ని పళ్ళకీ సరిగ్గా పంచడం. ముందు చిగుళ్ళకి వైద్యం చేద్దాం. అవి కుదుటపడ్డాక క్లిప్పులు. రెండేళ్ళు పట్టొచ్చు" అంది డాక్టరమ్మ. ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. చంక దగ్గర లాగుడంతా ఒకే కుట్టు మీద పడితే గుడ్డ ఎంత మంచిదైనా అక్కడే పిగులుతుంది. విప్పి, సరిచేసి మళ్ళీ కుట్టాలి. ఎంతమంది చొక్కాలకి చేసిపెట్టానో లెక్కలేదు.

"ఏమేం తినలేకపోతున్నారు?" అని అడిగింది చివర్లో. రొట్టె అంచు అని మాత్రం చెప్పాను. అలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. వచ్చే గురువారానికి నా పేరు రాయించి వచ్చేశాను.

పాపకి అక్కర్లేదట, నాకే వేయాలట అని ఇంట్లో నసుగుతూ చెప్పాను.

"నీకా! నలభై రెండేళ్ళకి క్లిప్పులా? ఎవరికి చూపించడానికి?" అని ఆయన పడీపడీ నవ్వారు. "ఊడేవాటిని పీకించుకో, కట్టుడు పళ్ళు పెట్టిస్తారు. వారంలో తేలిపోతుంది. పిల్లకి వేయించమంటే తల్లి వేయించుకొస్తానంటుందేంటి!"

"నేను ముప్పై ఎనిమిదికే అన్నీ పీకించేసుకున్నా. ప్రాణం పోయిందా?" అంది అత్తయ్య.

నేను గిన్నెలు తీసి వంటగదిలోకి పట్టుకెళ్ళాను. ఆయన లేచి వెళ్ళాక అత్తయ్య వంటగది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. "నిజంగా నిలుస్తాయందా?" అని మెల్లగా అడిగింది. నిలబెట్టే ప్రయత్నం చేద్దామందని చెప్పాను. "నాకప్పుడు నొప్పి ఉన్నది రెండింటికే. మీ మామయ్య అన్నీ పీకెయ్యమన్నారు, మళ్ళీమళ్ళీ తిరగలేమని" అంది. ఆ మాటతోనే వెళ్ళిపోయింది.

గురువారం వచ్చేదాకా ఇవే లెక్కలు. రెండేళ్ళు నెలనెలా సెలవు అడగాలి. యజమాని మొహం చిట్లిస్తాడు. తీగలు చూసి కౌంటర్లో అమ్మాయి నవ్వాపుకుంటుంది. ఆయన చుట్టాల ముందు జోకులేస్తారు. అన్నీ అయ్యాక పన్ను నిలవకపోతే? "చెప్పానా లేదా" అన్న మాట బతికున్నంతకాలం వినాలి. వెళ్ళకపోతే ఏ గొడవా ఉండదు, నాలుగు పళ్ళు పోతాయి, అంతే కదా. ఆ 'అంతే కదా' అనుకున్నప్పుడు నా మీద నాకే అసహ్యమేసింది.

వెళ్ళాను. ఒక్కదాన్నే.

రిసెప్షన్ అమ్మాయి రిజిస్టర్ చూసి ఇబ్బందిగా కదిలింది. "మీ ఆయన నిన్న ఫోన్ చేశారండీ. మీ పేరు తీసేసి పాప పేరు రాయమన్నారు. పాప రాలేదా?"

బల్ల అంచు పట్టుకున్నాను. వెనక ఇద్దరు కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు. సరేనమ్మా, పొరపాటైందని చెప్పి మెట్లు దిగితే ఎవరికీ ఏమీ తెలియదు. సాయంత్రం ఆయన అడగరు కూడా, నేను వెనక్కొచ్చేస్తానని ఆయనకి అంత నమ్మకం. ఆ నమ్మకం తలుచుకుంటే నా దవడ బిగుసుకుంది, పన్ను సలిపింది.

"పాపకి అవసరం లేదని డాక్టరమ్మే చెప్పింది. నా పేరు మళ్ళీ రాయి" అన్నాను.

"సార్‌కి ఒకసారి ఫోన్ చేసి కనుక్కోమంటారా?"

"వద్దు. పళ్ళు ఆయనవి కావు."

ఆమె కొట్టేసి రాసింది. ఒక కాగితం, పెన్ను ఇచ్చింది. పేరు, వయసు నింపాను. కింద 'మీ ఇబ్బంది ఏమిటో మీ మాటల్లో రాయండి' అని ఉంది, రెండు గీతల జాగా వదిలారు. పన్ను కదులుతోంది అని రాశాను. సాయంత్రాలు తలనొప్పి అని రాశాను. ఒక పక్కే నములుతాను అని రాశాను. ఎన్నేళ్ళనుంచి అని రాయబోతే పెళ్ళి గుర్తొచ్చింది, ఫోటో గుర్తొచ్చింది, చివర్లో కూర్చుని తిన్న భోజనాలు గుర్తొచ్చాయి. రాస్తూ పోయాను. గీతలు దాటి సంతకం చోటులోకి వెళ్ళిపోయాను, అంచుల్లో రాశాను, కాగితం తిప్పి వెనక రాశాను.

"ఒక్క ముక్కలో రాస్తే చాలండీ" అంది ఆ అమ్మాయి, జాలిగా.

"చాలదమ్మా. ఇంకో కాగితం ఇవ్వు" అన్నాను.