రేపటి తేదీకి తిప్పిన ముద్ర

నేను ఒక తేదీ ముద్రను. చేతిలో ఇమిడే చెక్కపిడి, దాని కింద ఇనుప చట్రం, అందులో రోజుకు, నెలకు, సంవత్సరానికి మూడు రబ్బరు పట్టీలు. పైన 'అందినది' అన్న ఒక్క మాట. నేను పనిచేసిన ఆఫీసు పేరు మాత్రం చెప్పను. ఇరవై ఏళ్లు ఒకచోట ఉన్నదానికి ఆ మాత్రం మర్యాద ఉండాలి.

బస్టాండు వెనక సందులో ఖాదర్ బాషా అనే ఆయన నన్ను తయారు చేశాడు. అక్షరాలను తిరగేసి చెక్కుతూ, "కాగితం మీద నిలబడాలంటే ఇక్కడ తలకిందులు కావాల" అనేవాడు. మనుషులకు కూడా అంతేనేమో, నాకు తెలియదు.

నన్ను కొని తెచ్చినవాడు తపాలు గుమాస్తా ఓబులేసు. వచ్చిన ప్రతి అర్జీ మీద నన్ను వేసి, ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కించడం ఆయన పని. పొద్దున రాగానే కొత్త పేజీ తీసి, పైన తేదీ రాసి, పక్కన ఒకటి నుంచి నలభై దాకా అంకెలు వేసుకునేవాడు. సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు నా చక్రం తిప్పి మరుసటి రోజు తేదీ పెట్టేవాడు. "పొద్దున జనం వచ్చి నిలబడితే, మనం చక్రాలు తిప్పుకుంటా కూర్చోకూడదు" అనేవాడు. పట్టీ మీద సంవత్సరాలు అయిపోతే తన చేతి డబ్బుతోనే కొత్త పట్టీ వేయించాడు.

ఇంటి స్థలాల అర్జీలకు గడువు పదిహేనో తేదీ. ఆ రోజు నాలుగు గంటలకు ఆయన ఛాతీ పట్టుకున్నాడు. "డాక్టరుకు చూపించుకుని వస్తాను, ఐదు దాకా నువ్వు చూడు నరసమ్మా" అని అటెండరుకు చెప్పి లేచాడు. లేస్తూ, అలవాటుగా నన్ను తిప్పాడు. పదహారు.

ఆ గంటలో పద్నాలుగు మంది వచ్చారు. నరసమ్మ పేర్లు రిజిస్టరులో రాసింది, నన్ను అర్జీల మీద వేసింది. నా ముఖం తిప్పి చూడలేదు. చూడాల్సిన అవసరం ఇరవై ఏళ్లలో ఎప్పుడూ రాలేదు మరి. నేను చెప్పగలిగితే చెప్పేదాన్ని.

మరుసటి రోజు ఓబులేసు కుర్చీ ఖాళీగా ఉంది. ఆ తరువాత కూడా.

అర్జీలు స్థలాలు ఇచ్చే కమిటీకి వెళ్లాయి. రిజిస్టరు బీరువాలోకి వెళ్లింది. పద్నాలుగు అర్జీలు 'గడువు దాటినవి' అని తిరిగి వచ్చాయి. వాటిలో ఒకటి మద్దక్కది. చెనక్కాయలు ఉడకబెట్టి అమ్ముకునే మనిషి. సోమవారం సోమవారం వచ్చేది.

"నేను ఆపొద్దే వచ్చినా సామీ. కిటికీలో ఎండ కూడా ఉండాది."

"ముద్ర పదహారు అంటోందమ్మా" అనేవారు సూపరింటెండెంటు కృపావరం గారు.

ఆమె మాట కంటే నా మాటకే విలువ. నేను అబద్ధం చెప్పనని అందరికీ నమ్మకం. పదకొండు నెలలు ఆ నమ్మకాన్ని మోశాను.

అప్పుడు నవనీత వచ్చింది. విశ్వవిద్యాలయంలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎం.ఏ. చదువుతున్న పిల్ల. ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఒక అర్జీ ఆఫీసుకు చేరిన రోజు నుంచి జవాబు వచ్చే రోజు దాకా ఎన్నాళ్లు పడుతోందో లెక్క తీసి నివేదిక రాయాలి. కూర్చోవడానికి ఓబులేసు కుర్చీ ఇచ్చారు, చేతికి నన్ను ఇచ్చారు.

"ఎమ్మే చదివి ముద్దర కొట్టేదానికి వచ్చినావా పాపా?" అంది నరసమ్మ.

"ఊరికే కాదక్కా. నెలనెలా స్టైఫండు ఇస్తారు."

"నేర్చుకునేదానికి కూడా ఇస్తారా? మేము నేర్చుకున్నప్పుడు తిట్లు ఇచ్చినారు."

ముందటేడు ఇద్దరు విద్యార్థులు ఇలాగే వచ్చారు, భత్యం లేకుండా. ఊళ్లో గది అద్దెకు, తిండికి ఇంటినుంచి తెచ్చుకోవాలి. పదోరోజున మెట్ల మీద ఫోటో దిగి వెళ్లిపోయారు. వాళ్లను నేను తప్పు పట్టను. నవనీత తల్లి కూలికి పోతుంది. నెలనెలా వచ్చే ఆ భత్యమే లేకపోతే ఈ పిల్ల కూడా పదోరోజున బస్సు ఎక్కేది.

ఉండగలిగింది కనుక, ఎవరికీ తీరిక దొరకని పని చేసింది. రిజిస్టరు ఒక పక్కన, అర్జీలు ఒక పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూసింది. నాలుగో నెలలో ఒక పేజీ దగ్గర ఆగింది. ఇరవై ఏడు నుంచి నలభై దాకా, రిజిస్టరు ఒక తేదీ, నేను ఇంకో తేదీ.

నరసమ్మను పిలిచి చూపించింది. నరసమ్మ పేజీనీ అర్జీలనూ మార్చి మార్చి చూసింది. తరువాత, "సార్ తిప్పిపెట్టి పోయినాడు. నేను చూసుకోలేదు పాపా" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కృపావరం గారు నివేదిక చదివి కళ్లద్దాలు తీశారు. ఓబులేసుతో ఇరవై ఏళ్లు ఒకే క్యారియరు విప్పుకుని తిన్న మనిషి.

"ఆయన భార్య ఇంకా ఫించను కాగితాల కోసం తిరుగుతా ఉంది. ఇప్పుడు పోయినాయన తప్పు చేసినాడని రాస్తే ఎట్లమ్మా? నివేదికలో ఆ పేజీ తీసేయ్. నీ సర్టిఫికెట్ మీద రేపే సంతకం పెడతా."

నవనీత నన్ను చేతిలో పట్టుకునే ఉంది.

"తీసేస్తే మద్దక్కకు మళ్లీ ఇదే జవాబు చెప్పాల సార్."

ఆమె రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది.

"సార్ తప్పు చేసినారని నేను రాయలేదు. పైన తేదీ చూడండి, పక్కన అంకెలు చూడండి. ఇది ఆయన చేతిరాత. ఆయన రాసిన పేజీ నిజం, ముద్ర తేదీ తప్పు అనే రాసినా."

కృపావరం గారు ఆ అంకెల మీద వేలు పెట్టి ఒకటి నుంచి కిందికి జరిపారు. నలభై దగ్గర వేలు ఆగింది. నాలుగుకు ఓబులేసు ఎప్పుడూ ఒక చిన్న తోక పెట్టేవాడు.

"అట్లే రాస్తాడు వాడు" అన్నారు. నివేదిక మీద సంతకం పెట్టారు.

కమిటీ పద్నాలుగు అర్జీలనూ తిరిగి చూసింది. పదకొండు మందికి అర్హత ఉందని తేలింది, మద్దక్కతో సహా. పట్టా తీసుకున్న రోజు మద్దక్క వచ్చి నవనీత బల్ల మీద ఉడికించిన చెనక్కాయల పొట్లం పెట్టింది. ఒక చుక్క నీరు కారి నా పిడి తడిసింది. నవనీత తుడిచింది.

ఆరు నెలలు నిండిన సాయంత్రం బల్ల సర్దుకుంటుంటే నరసమ్మ అడిగింది.

"తేదీ తిప్పి పోవా పాపా?"

"వద్దులే అక్కా. పొద్దున వచ్చినోళ్లు తిప్పుకుంటారు."

పొద్దున వచ్చింది కంప్యూటరు. తేదీ అదే వేసుకుంటుంది. నన్ను సొరుగులో పెట్టారు, ఎండిపోయిన ఇంకు ప్యాడు పక్కన. పట్టీలు బీటలు వారుతున్నాయి. నా మీద ఆ పిల్ల చివరి రోజు తేదీ అలాగే ఉంది.

అప్పుడప్పుడు కృపావరం గారు పిన్నుల కోసం సొరుగు లాగుతారు. పిన్నులు దొరికాక కూడా మూయరు. నన్ను తీసి బొటనవేలు చక్రం మీద ఆనిస్తారు. కాసేపు అలాగే ఉంచుతారు.

తిప్పరు. మెల్లగా లోపల పెట్టేస్తారు.