షవర్ పైన చుక్కలు

“నువ్వు కాస్త పక్కకి జరుగు, ఎలక్ట్రీషియన్ని పని చేసుకోనీ” అన్నారు మా ఆయన. షవర్ పైన కప్పుకి చుక్కల్లా మెరిసే దీపాలు పెట్టించాలని ఆయన సరదా. ఏదో హోటల్లో చూశారట.

పన్నెండేళ్లుగా నా ఉద్యోగం కొత్త భవనాల్లో కరెంటు తనిఖీ. ఆస్పత్రి అయినా సినిమా హాలైనా నేను సంతకం పెట్టాకే దీపం వెలగాలి. అందుకే నోరు ఊరుకోలేదు. “నీళ్లు పడే చోటండీ. ఆవిరి చొరబడని దీపాలే పెట్టాలి. పన్నెండు వోల్టులవైతే మేలు, ట్రాన్స్‌ఫార్మర్ ఈ స్నానాల గదికి బయటుండాలి” అన్నాను. ఎలక్ట్రీషియన్ నా వైపు కాదు, ఆయన వైపు చూశాడు. “మేడమ్ పుస్తకాలు బాగా చదువుతారనుకుంటా సార్.” ఇద్దరూ నవ్వుకున్నారు. “ఆఫీసరమ్మగారూ, ముందు టీ సంగతి చూడండి” అన్నారు ఆయన. చూశాను. చక్కెర ఎవరికెంతో అడిగి మరీ కలిపాను.

చుక్కలు వెలిగాయి. చుట్టాలొచ్చి చూసి మెచ్చుకుని వెళ్తే, వాళ్ల చెప్పుల మరకలు నేను తుడిచాను. వారం తిరక్కుండానే షవర్ వేసినప్పుడల్లా ఇంట్లో కరెంటు పోవడం మొదలైంది. ఎక్కడో కరెంటు లీకవుతోంది, మనల్ని కాపాడటానికే బోర్డులో స్విచ్ పడిపోతోంది అని చెప్పాను. “నీకు ప్రతిదీ గండమే. ఆఫీసు పెత్తనం ఇంటికి తేకు” అన్నారు. మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి, బాగుచేయించానన్నారు. ఆ తర్వాత కరెంటు పోలేదు. నాకూ అలసటగా ఉండి, బోర్డు విప్పి చూడలేదు. అది నా తప్పే.

ఆదివారం పొద్దున అత్తయ్యకి స్నానం చేయిస్తున్నాను. కుళాయి పట్టుకుని లేవబోయి చటుక్కున చెయ్యి లాక్కుంది.

“మళ్లీ జివ్వుమంది.”

“మళ్లీనా? ఎప్పట్నించి అత్తయ్యా?”

“నాలుగు రోజులైందిలే. వాడికి చెప్పకమ్మా, ముచ్చటపడి పెట్టించుకున్నాడు.”

ఆవిడకి తువ్వాలు చుట్టి బయట కూర్చోబెట్టి, మెయిన్ ఆపి బోర్డు విప్పాను. లీకైతే పడిపోయే ఆ స్విచ్ ఉండాల్సిన చోట వైర్లు నేరుగా కలిపేసి టేపు చుట్టి ఉంది. కప్పులో తడిసిన వైరు దీపాలు బిగించిన ఇనప చట్రానికి, చట్రం షవర్ గొట్టానికి తగులుతున్నాయి. వైరు తెంపి, దీపాలన్నీ ఊడబీకి బకెట్లో వేశాను.

ఆయన వచ్చి బకెట్ చూశారు. “ఎవర్నడిగి తీశావు?”

“అత్తయ్యకి షాక్ కొట్టిందండీ. కావాలంటే అడగండి.”

అత్తయ్య కొడుకు మొహంలోకి చూసింది. “నాకేం కాలేదురా. చలికి ఒళ్లు జివ్వుమందేమో.”

“విన్నావుగా? రేపే మళ్లీ పెట్టిస్తాను” అంటూ ఆయన ఫోన్ తీసుకుని వసారాలోకి నడిచారు.

నాకు కోపం రాలేదు. నన్ను చూసి నాకే భయమేసింది. జివ్వుమందని ఆవిడ అన్నప్పుడు నాకు ముందుగా కలిగింది కంగారు కాదు, ఊరట. హమ్మయ్య, ఇప్పటికైనా నమ్ముతారని. డెబ్బై ఆరేళ్ల మనిషి ఒంట్లోంచి కరెంటు పారితే, సాక్షి దొరికిందని సంబరపడ్డాను. ఈ ఇంట్లో నా మాట చెల్లాలంటే ఎవరో ఒకరు పడిపోవాలి. ఇంకొన్నాళ్లుంటే, వాళ్లెప్పుడు పడతారా అని ఎదురుచూస్తాను.

అలమారలోంచి సంచీ దించి నా చీరలు సర్దుకున్నాను.

“మీవి కూడా సర్దనా అత్తయ్యా?” అని అడిగాను.

ఆవిడ తడి తువ్వాలు అంచుతో మొహం కప్పుకుంది.